బావమరిదిని పిలవని రోజు

బావ బాగు కోరేవాడు బావమరిది అంటారు. ఆ సామెత కట్టినవాడికి బావమరిది లేడని బోటు మెకానిక్ నమ్మకం. తనకున్నాడు. గాలి గొట్టం తగిలించుకుని నీళ్లలో మునిగి, పడవల అడుగున పట్టిన గుల్లలు గీకడం వాడి పని. వాడు గుమ్మంలో అడుగుపెడితే చాలు, మెకానిక్ కూతురు కంచం పట్టుకుని వాడి పక్కకు చేరేది. నీళ్ల కింద చీకటెలా ఉంటుంది, పైన అలలు కొడుతుంటే కింద తెలుస్తుందా అని ప్రశ్నల మీద ప్రశ్నలు. ఏళ్ల తరబడి ఇంజన్లతో కుస్తీ పడుతున్న కన్నతండ్రిని మాత్రం "ఇవాళ ఏం చేశావు నాన్నా" అని అడిగిన పాపాన పోలేదు. మెకానిక్‌కి కడుపు మండిపోయేది.

ఇప్పుడు ఆ మంటకు ఆజ్యం పోసినట్టు పిల్లకి రెండు సీట్లు వచ్చాయి. ఒకచోట మెకానికల్, ఇంకోచోట ఓషన్ ఇంజనీరింగ్. సోమవారంలోగా ఏదో ఒకటి తేల్చాలి. ఓషన్ అంటే బావమరిది గెలిచినట్టే అని అతని లెక్క.

అందుకే ఆదివారం పిల్లని రేవుకు తీసుకెళ్లాడు. అక్కడో పడవ ఇంజను తెగ వేడెక్కుతోంది.

"చూస్తూ ఉండు, క్షణంలో దారికి తెస్తా" అన్నాడు.

పడవ అడుగునున్న రంధ్రం గుండా సముద్రపు నీళ్లు పైకొచ్చి, ఇంజనును చల్లబరిచి, పక్క గొట్టంలోంచి బయటికి పడాలి. గొట్టం చుక్కలు మాత్రమే రాలుస్తోంది. గుల్లలు పట్టి రంధ్రం పూడుకుపోయిందని మెకానిక్‌కి చూడగానే తెలిసిపోయింది. అవి తీయాలంటే బావమరిదిని పిలవాలి. అదీ పిల్ల ముందు! చచ్చినా పిలవడు.

పంపు విప్పాడు. రబ్బరు రెక్కలు మార్చాడు. పైపులు ఊడదీసి, ఊది, మళ్లీ బిగించాడు. బోల్టుకో ఉపన్యాసం. తీరా స్టార్ట్ చేస్తే మళ్లీ చుక్కలే, మళ్లీ వేడే.

"నాన్నా, కింద మూసుకుపోయిందేమో?"

"నీకేం తెలుసే? పంపులోనే ఉంది తేడా."

మళ్లీ విప్పాడు. పిల్ల కాసేపు అతని మొహంలోకి చూసి, ఫోను తీసుకుని ఒడ్డు మీదికి నడిచింది.

బావమరిది వచ్చాడు, మునిగాడు, గుప్పెడు గుల్లలతో తేలాడు. గొట్టంలోంచి నీళ్లు ధారకట్టాయి.

"ఇంతేనా బావా! ముందే ఓ మాట అంటే పొద్దున్నే వచ్చేవాణ్ణిగా."

మెకానిక్ శుభ్రంగా ఉన్న స్పానర్‌నే తుడుస్తూ నిలబడ్డాడు.

ఇంటిదారిలో పిల్లే నోరు విప్పింది.

"ఓషనే తీసుకుంటా నాన్నా."

"మీ మామయ్య బాగానే ఎక్కించాడు."

"మామయ్యా? మెకానికల్ తీసుకోమని నెల నుంచీ నా బుర్ర తింటున్నాడు. 'నేనెంత గీకినా పడవని నడిపించేది మీ నాన్న విద్యేనే, అది నేర్చుకో' అంటాడు. పొద్దుటిదాకా నేనూ అదే అనుకున్నా."

"మరి?"

"కింద మూసుకుపోయిందని నీకు తెలుసు కదా?"

అతను పనిముట్ల సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"తెలిసీ పిలవలేదు. నేను చదువుకుని వచ్చాక కింద ఏదైనా అయితే నన్ను పిలువు. నన్ను పిలవడానికి నీకు నామోషీ ఉండదుగా."

మెకానిక్ తలూపాడు. నోటికాడి ముద్దని చేజేతులా నీళ్లపాలు చేసుకున్నానని తెలిసింది. అయినా ముందు మండింది దానికి కాదు. తన విద్య గొప్పదని తన కూతురికి నచ్చజెప్పిన ఘనత కూడా ఆ బావమరిదికే పోయింది.