బంధుత్వం రాసే గడి

నేను కరీంనగర్‌లో నేత్ర సేకరణ పని చేస్తాను. చనిపోయినవాళ్ల ఇంటి నుంచి ఫోన్ వస్తే పెట్టె పట్టుకొని బయలుదేరాలి. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు పని అయిపోవాలి. ఎన్నో ఇళ్లకు వెళ్లాను, చాలావరకు మరిచిపోయాను. నేతపనివాళ్ల వాడలో ఒక ఇల్లు మాత్రం మరపురాదు. అక్కడ నేనొక తప్పు చేయబోతే ఆ ఇంటావిడ ఆపింది.

ఆ ఇంటాయన మరమగ్గాల మీద పని చేసేవాడు, అరవై దాటాయి. ఆమె బీడీలు చుట్టేది. రెండేళ్ల కింద ఆ వాడలో మేము మీటింగు పెట్టినప్పుడు ఇద్దరూ ముందు వరసలో కూర్చొని విన్నారు. ఆయన అక్కడికక్కడే నేత్రదానం కార్డు నింపాడు. సాక్షిగా ఆమె సంతకం చేసింది.

ఒకరోజు పొద్దున ఏడింటికి ఆమే ఫోన్ చేసింది. "ఆరింటికి పాణం పోయింది బిడ్డా. గుండెల నొప్పన్నడు, గంతే. జర జల్ది రా."

నేను వెళ్లేసరికి ఫ్యాను ఆపి ఉంది. ఆయన తల కింద రెండు దిండ్లు పెట్టి, మూసిన రెప్పల మీద తడి దూది వేసింది. రెండేళ్ల కింద ఆ మీటింగులో ఒక్కసారి చెప్పిన జాగ్రత్తలు అవి. చదువుకున్న ఇళ్లలోనే ఎవరికీ గుర్తుండవు. డాక్టరును పిలిపించి మరణ ధ్రువీకరణ కాగితం కూడా రాయించి పెట్టింది.

కార్డు ఉన్నా కుటుంబసభ్యుల సంతకం లేనిదే మేము ముట్టుకోము. ఫారం తీసి, బంధుత్వం అనే గడిలో 'భార్య' అని నేనే రాసి ఆమెకు అందించాను. ఆమె చదివి నా చేతిలో పెట్టేసింది.

"గిది తప్పు బిడ్డా. నేను ఆయన పెండ్లాన్ని గాదు. ఆమె ధర్మపురిల ఉంటది."

ఈమె, ఆయన ఇరవై రెండేళ్లుగా కలిసి ఉంటున్నారు. విడాకులు లేవు, రెండో పెళ్లి లేదు. చట్టం భార్యాబిడ్డలను, తల్లిదండ్రులను, తోబుట్టువులను గుర్తిస్తుంది. ఇరవై రెండేళ్లు వండిపెట్టిన మనిషికి అందులో చోటు లేదు. నాకది అన్యాయం అనిపించింది. పైగా టైం నడుస్తోంది.

"వాడంతా మిమ్మల్ని ఆయన భార్యగానే చూస్తుంది కదమ్మా. పెట్టండి, రేపు ఎవరడుగుతారు?" అన్నాను.

"ఎవ్వలు అడగకపోవచ్చు. కని ఆమె బతికే ఉన్నది. ఆమె ఉండంగ గా మాట నేనెట్ల రాస్త? రేషన్ కార్డుల గుడ రాయించుకోలే. ఇయ్యాల ఆయన కండ్ల కోసం రాస్తనా?"

నేను ఆమె మేలు కోరుతున్నాననుకున్నాను. నిజానికి ధర్మపురిలో ఉన్న ఇంకో ఆడమనిషి హక్కును ఆమెకు తెలియకుండానే తీసేస్తున్నాను. ఆమె చెబితే గానీ నాకు తట్టలేదు.

అప్పటికే ధర్మపురి వాళ్లకు చావు కబురు పంపాలని ఆయన ఫోన్‌లో కొడుకు నంబరు వెతికి పెట్టుకుంది. నా ముందే స్పీకర్ పెట్టి కలిపింది. కొడుకు ఫోన్ తల్లికి ఇచ్చాడు. ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"అక్కా, నేను. ఆయన పోయిండు, పొద్దుగాల." ఆమె వెంటనే అసలు సంగతి చెప్పింది. "కండ్లు ఇస్తనని రాసిండు. నేను సంతకం పెడ్తె చెల్లది. నువ్వు పెట్టాలె. వద్దంటె వద్దు, నేనేం అనుకోను."

అటు నుంచి ఆమె అడిగింది. "ఎన్ని గంటల దాంక టైమున్నది?"

"పన్నెండు."

"వస్తున్నం."

పదకొండు కాకముందే కారు వచ్చింది. ముందు కొడుకు దిగాడు, ముప్పై ఏళ్లుంటాయి. గడప బయటే నిలబడ్డాడు. "ఇన్నేండ్లు మా దిక్కు చూడలే. ఇప్పుడు సంతకానికి యాదికచ్చినమా?"

"మీకు ఇష్టం లేకపోతే పెట్టె మూసుకొని వెళ్లిపోతాను. ఎవరూ బలవంతం చేయరు" అన్నాను. ఈసారి మనస్ఫూర్తిగానే అన్నాను.

తల్లి లోపలికి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. కార్డు అడిగి తీసుకొని చూసింది. "చేతిరాత ఆయనదే" అని, నా వైపు తిరిగింది. "మొఖం ఖరాబైతదా?"

"కాదమ్మా. నల్లగుడ్డు మీది పల్చటి పొర ఒక్కటే తీస్తాం. చూసేవాళ్లకు తెలియదు."

ఆమె కొడుకును దగ్గరికి పిలిచింది. "మనల ఇడిసిపెట్టి పోయిండు, నిజమే. గది నాకూ ఆయనకూ నడుమల ముచ్చట. గీ కండ్లు పెట్టించుకునే మనిషి మనకేం అన్యాయం చేసిండు బిడ్డా?"

అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. "నీ ఇష్టం అవ్వా" అన్నాడు. అతని నోటితో కూడా స్పష్టంగా వినాలని, మీకు అభ్యంతరం లేదు కదా అని అడిగాను. "లేదు, తీస్కోండ్రి."

నేను రాసిన ఫారం చించేసి కొత్తది ఇచ్చాను. ఆమె తన చేత్తోనే 'భార్య' అని రాసి సంతకం చేసింది. కింద ఇద్దరు సాక్షులు కావాలి. పక్కింటాయన ఒకటి పెట్టాడు. రెండో సాక్షి కోసం నేను అటూ ఇటూ చూస్తుంటే, ధర్మపురి ఆమె ఫారాన్ని బీడీలు చుట్టే చేతుల ముందుకు జరిపింది.

"నువ్వు పెట్టు. ఇన్నేండ్లు చూసుకున్నది నువ్వే గదా."

ఇంటావిడ కొంగుతో కళ్లు తుడుచుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది.

నా పని అరగంటలో అయిపోయింది. తలుపు తీసేసరికి ఇద్దరూ ఒకే చాప మీద కూర్చొని ఉన్నారు. ఎవరో తెచ్చిన చాయ్ చల్లారిపోతోంది. ఆ సాయంత్రం కొడుకే తలకొరివి పెట్టాడని తర్వాత తెలిసింది.

వారం రోజులకు ధర్మపురి నుంచి ఆమె ఫోన్ చేసింది. కండ్లు ఎవరికి పెట్టారని అడిగింది. పేర్లు చెప్పకూడదని నియమం ఉందని, ఇద్దరికి అమర్చారని, ఇద్దరికీ చూపు వస్తోందని చెప్పాను.

"ఇద్దరికా" అంది. "ఆమెకు చెప్పినవా?"

"ఇంకా లేదమ్మా."

"జర చెప్పు బిడ్డా. ఎదురుచూస్తుంటది."

ఫోన్ పెట్టేసి వెంటనే ఆమెకు కలిపాను.