బతికున్న చేపలాంటి కాలు

పోయిన వారం పని మీద సాలూరు దాటి ఒడిశా వైపు వెళ్ళి తిరిగి వస్తున్నాను. ఘాట్ దిగుతుంటే ముందున్న లారీ నుంచి కాలిన బ్రేకుల వాసన వచ్చింది. ఇనుమూ రబ్బరూ కలిసి మాడినట్టు గొంతులో పట్టుకునే వాసన. పక్కన కూర్చున్న మా ఆఫీసాయన ముక్కు మూసుకుని అద్దం ఎక్కించమన్నాడు. నేను ఇంకాస్త దించాను. ఆ వాసన తగిలితే చాలు, నెల్లిమర్లలో కాటాలు బాగుచేసే నూకరాజుగారు గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే చేతులు జోడించాలనీ అనిపిస్తుంది, పళ్ళు కొరకాలనీ అనిపిస్తుంది. ఇన్నేళ్ళయినా ఈ రెండింటిలో ఏదీ తగ్గలేదు.

నా గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఆయన గురించి చెప్పడం కుదరదు. మాది బొబ్బిలి తాలూకాలో ఒకప్పుడు తొమ్మిది ఊళ్ళ మీద పెత్తనం చేసిన కుటుంబం. ఊళ్ళు నేను పుట్టకముందే పోయాయి. లోగిలి నేను బడిలో ఉండగా పోయింది. మర్యాద మాత్రం మిగిలింది. పెద్దవాళ్ళ ముందుగానీ పనివాళ్ళ ముందుగానీ కుర్చీలో వెనక్కి ఆనకూడదని మా నాయనమ్మ నేర్పింది. ఆనితే వెనకనుంచి వచ్చి వీపులో వేలితో పొడిచేది. దాంతోపాటు కార్ల కబుర్లూ మిగిలాయి. మా తాతగారు ఆ ఘాట్‌లోనే కారును ఎలా పరిగెత్తించేవారో మా ఇంట్లో అన్నాల దగ్గర రోజూ చెప్పుకొనేవాళ్ళం. అంచేత డ్రైవింగు మా రక్తంలో ఉందని నేను నమ్మాను. విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టలుకు మేనేజరుగా పనిచేస్తూ, ఒకరు వాడి వదిలేసిన చిన్న కారు నడుపుకుంటూ కూడా నమ్మాను.

2015 ప్రాంతంలో మా హాస్టలు వంటింటి కాటా పాడైంది. నెల్లిమర్లలో బాగుచేస్తారంటే తీసుకువెళ్ళాను. చిన్న కొట్టు, గోడ నిండా విప్పిన కాటాలు. వెనక గదిలోంచి కారు ఇంజను రొద. లోపలికి తొంగిచూస్తే, ప్రమాదంలో నుజ్జయిన ఏదో కారు నుంచి తీసిన సీటును ఇనపచట్రానికి బిగించి, ఎదురుగా పెద్ద తెర, చేతిలో స్టీరింగు పెట్టుకుని నలభై అయిదేళ్ళ మనిషి లుంగీ పైకి కట్టి రేసు నడుపుతున్నాడు. తెర మీద ఏదో విదేశపు ట్రాకు. నన్ను ఆశ్చర్యపరిచింది తెర కాదు, దాని పక్కన వెలుగుతున్న చేపల కాటా డబ్బా. ఎలక్ట్రానిక్ కాటా అడుగున వేలెడంత లోహపు దిమ్మ ఉంటుంది. బరువు పడితే అది కంటికి కనిపించనంత వంగుతుంది, ఆ వంపే మనకు అంకెగా కనిపిస్తుంది. ఆయన ఆ దిమ్మను బ్రేకు పెడలు కింద బిగించారు. కాలు ఎన్ని కిలోల బరువుతో తొక్కుతున్నదీ ఎర్రంకెల్లో తెలుస్తోంది. మలుపు వచ్చింది. అంకె టక్కున ఇరవై రెండు దగ్గర నిలబడింది. స్టీరింగు తిరుగుతున్నకొద్దీ ఇరవై, పదిహేను, ఎనిమిది, మూడు అంటూ నూనె జారినట్టు సున్నాకి దిగింది. ఒక్కసారి కూడా తొట్రుపడలేదు.

రసీదు మీద నా పేరు చూసి ఆయన లేచి నిలబడ్డారు. "బొబ్బిలి కాడి బాబుగారి మనవలా తమరు? మీ లోగిలికి మా అయ్య బస్సెక్కి మరీ సేపలు తెచ్చేవోడండి. కూకోండి బాబు, ఒకపాలి తొక్కి సూడండి."

కూర్చున్నాను. మొదటి మలుపులో నా అంకె తొమ్మిది, పదిహేడు, ముప్పై ఒకటి, నాలుగు అని గెంతింది. కారు గడ్డిలోకి పోయింది. రెండోసారీ అంతే.

"బాబుగారూ, మీ కాలు బతికున్న సేపలాగున్నాది," అన్నారు నూకరాజుగారు నవ్వుతూ. "కాటా మీదేస్తే గెంతతాది. అంకె నిలబడదు."

తలుపు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె గౌరి, ఆయన మేనకోడలు. వాళ్ళ సొంతూరి సముద్రపొడ్డు నుంచి విశాఖపట్నానికి చేపల ఐసు వ్యాను నడుపుతుంది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. సీటులోంచి లేచాను.

"నూకరాజూ, కాటాలు బాగుచెయ్యడం నీ పని. నాకు డ్రైవింగు నేర్పే పని నీకు లేదు."

నాకన్నా పదేళ్ళు పెద్దవాణ్ణి నేను నువ్వనే అన్నాను. మా ఇంట్లో అదే అలవాటు. ఆయన ముఖం ఒక్క క్షణం మారింది. "తప్పయిపోనాదండి బాబు," అన్నారు.

ఆ ఆదివారమే మళ్ళీ వెళ్ళాను. ఆ తరవాత ఏడాదిపాటు ప్రతి ఆదివారం వెళ్ళాను. నాకొక్కటే కోరిక. ఒక్కసారైనా, ఒక్క సెకనులో వందోవంతైనా, తెర మీది టైముల పట్టికలో ఆ లుంగీ మనిషికన్నా నా పేరు పైన ఉండాలి. ఆయన ఎంత వేగంగా నడిపితే నాకు అంత నిద్ర తక్కువయ్యేది. మా తాతగారి నుంచి నాకు రావలసింది దారి తప్పి ఆయన కాలిలోకి ఎలా వెళ్ళిందని, అన్యాయం జరిగినట్టు బాధపడేవాణ్ణి. ఆయన మాత్రం మొదటి రోజు నేనన్న మాటకే కట్టుబడి ఉన్నారు. నేను గడ్డిలోకి పోయినా, గోడకు కొట్టినా ఒకటే మాట: "బాగున్నాదండి బాబు."

గౌరి కూర్చుంటే ఆ గది వేరేగా ఉండేది.

"ఒసే, అది బ్రేకనుకున్నావా, బొద్దింకనుకున్నావా? అలా తొక్కీసినావేటే!"

"నీ సీటే వొంకర మావా. నన్నంటావేటి?"

"సీటుకేటి, సుబ్బరంగా ఉన్నాది. నీ బుర్రే వొంకర. కాలు ఒక్కపాలే తీసీకే. బండి ముక్కు కిందకి దిగాల, అప్పుడు తిప్పు. అద్గదీ... అయ్యో, మళ్ళీ తీసీసినాది! ఎల్లే, ఎల్లి ఐసు మోసుకో!"

మొదట్లో నాకు గర్వంగా ఉండేది. ఆమెకు తిట్లు, నాకు గౌరవం. వారం వారం ఆమె టైము దిగుతూ వచ్చింది. నాది మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. మూడు నెలలకు అర్థమైంది: ఆ గదిలో తిట్లు ఎవరికో పాఠాలూ వాళ్ళకే. అప్పటి నుంచి ఆయన కాలు మీదున్న ఏడుపు చాలక, గౌరి తినే తిట్ల మీద కూడా ఏడవడం మొదలుపెట్టాను. ఒక్కోసారి ముందుగా వెళ్ళి, బయట కాటాల మధ్య నిలబడి, లోపల ఆమెను తిడుతుంటే చెవులు రిక్కించి వినేవాణ్ణి. విన్నదంతా నా డ్రైవింగులో పెట్టి చూసేవాణ్ణి. లాభం లేకపోయింది. ఆమె తప్పులు వేరు, నావి వేరు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "నాకేమీ చెప్పవేం?"

"మీకు సెప్పేటంతోణ్ణి కాను గదండి. మీరే అన్నారు," అన్నారు ఆయన. వెటకారం లేదు. అప్పుడు ఒక్క మాటతో నా మాట వెనక్కి తీసుకోవచ్చు. ఆ మాట నా నోట రాలేదు.

మరుసటి వేసవిలో విశాఖపట్నం పొలిమేరలో ఒక కార్ల క్లబ్బు వాళ్ళు పోటీ పెట్టారు. ఎర్రమట్టి మైదానంలో ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి, వాటి మధ్య నుంచి ఒక్కొక్కరు ఒంటరిగా నడపాలి. ఒకే కారును ఇద్దరు పంచుకోవచ్చు. మనిషికి రెండు అవకాశాలు, రెంటిలో మంచి టైమే లెక్క. నూకరాజుగారికి కారు లేదు. పదేళ్ళుగా తెర మీద నడిపిన మనిషి నిజం మట్టి మీద నడపడం అదే మొదటిసారి. నా కారులో నడపమని నేనే అన్నాను. ఔదార్యమని అప్పుడు అనుకున్నాను. నా కారులోనే ఆయన్ని ఓడించాలని నా ఆశ.

మొదటి అవకాశంలో ఆయన కారు వెనకభాగం ఒక కోనును తాకింది. దానికి జరిమానాగా అయిదు సెకన్లు కలిపారు. నేను రెండు అవకాశాలూ వాడుకున్నాను, నిదానంగానే అయినా ఒక్క కోనూ పడలేదు. కొత్తవాళ్ళ పట్టికలో నేను మూడో స్థానంలో, ఆయన నా కింద నాలుగో స్థానంలో ఉన్నాం. ఆయన రెండో అవకాశం మిగిలి ఉంది. కోను తగలకపోతే నన్ను మూడు సెకన్ల తేడాతో దాటతారని ఆ మైదానంలో నాకు తెలుసు, గౌరికి తెలుసు, ఆయనకీ తెలుసు.

హెల్మెట్ చంకలో పెట్టుకుని ఆయన కారు వైపు వస్తున్నారు. ఆయన ముఖం పెళ్ళినాడు వెలిగినట్టు వెలిగిపోతోంది. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"క్లచ్ మాడిన వాసన వస్తోంది. ఇక బండి తియ్యడం మంచిది కాదు."

ఆయన కిటికీలోంచి తల లోపలికి పెట్టి ఊపిరి పీల్చారు. తల బయటికి తీసి నా ముఖంలోకి చూశారు. చుట్టూ క్లబ్బు వాళ్ళు ఉన్నారు.

"అవునండి బాబు," అన్నారు. "వస్తన్నాది."

హెల్మెట్ నా చేతికిచ్చి, వెళ్ళి తాడు అవతల జనంలో నిలబడ్డారు. నాకు అరచేతంత కప్పు ఇచ్చినప్పుడు చప్పట్లు కొట్టారు. తిరుగు ప్రయాణంలో వెనక సీటులోంచి గౌరి, "ఏ వాసనా రానేదు. బాబుగారి ముక్కు మనకన్నా గొప్పది కాబోలు," అంది. "నోరుముయ్యే," అన్నారు ఆయన.

ఆ తరవాత మూడు ఆదివారాలు వెళ్ళలేదు. కప్పు అలమారలో తాతగారి ఫొటో పక్కన పెట్టాను. నేను కోరుకున్నది అదే, ఆయన పేరుకి పైన నా పేరు. చూసిన ప్రతిసారీ ఆయన ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించేది. చివరికి ఒక మంగళవారం మధ్యాహ్నం కప్పు పట్టుకుని కొట్టుకు వెళ్ళాను. ఆయన ఒక కాటా విప్పి తీగ అతుకుతున్నారు.

"ఆ రోజు వాసన రాలేదు," అన్నాను.

"తెల్సండి." తల ఎత్తలేదు.

"మరి ఎందుకు అవునన్నారు?" మీరని నా నోట దానంతటదే వచ్చింది.

"బండి మీది, పరువు మీది. అంతమందిలో నేదంటే మీరేటైపోతారు? నా ముక్కు నా కాడే ఉంచుకున్నాను."

"కోపం రాలేదా?"

అప్పుడు తల ఎత్తారు. "రాకేటండి? ఆ రోజు ఇంటికెల్లి కూడు తిన్నేదు. పదేళ్ళు ఆ బొమ్మల తెర ముందు కూకున్నాను. నిజం మట్టి మీద ఒక్కపాలి సరిగ్గా నడపాలని. అదీ నేకుండా సేసినారు. మీకు నేనేటి సేసినానండి?"

జవాబు సిద్ధంగా ఉంది. దాన్ని బయటికి తియ్యడానికి మాత్రం నా ఒంట్లో బలమంతా కావలసివచ్చింది. "మీరేమీ చెయ్యలేదు. మీకు వచ్చినది నాకు రాలేదు. ఓర్వలేకపోయాను. గౌరిని మీరు తిట్టినా ఓర్వలేకపోయాను."

ఆయన నా చేతిలోంచి కప్పు తీసుకుని, బల్ల మీద చెల్లాచెదురుగా ఉన్న స్క్రూలు అందులో పోశారు. "లోపలికి పదండి," అన్నారు.

కూర్చుని తొక్కాను. పదకొండు, ఇరవై ఆరు, ఏడు. మళ్ళీ తొక్కాను. మూడోసారి గెంతేసరికి వెనకనుంచి ఒక్క అరుపు.

"ఒరే బాబూ! ఈపు ఆన్చరా! సీటుకి ఈపు ఆన్చు! ఏడాది నుంచి సూస్తన్నాను, కొయ్యబొమ్మలాగ నిలువుగా కూకుంతావు. ఎనక ఆసరా నేకుండా ముందుకెలా తొక్కతావు? కాలు గెంతదేటి మరి!"

అని, తన నోటి నుంచి వచ్చిన 'ఒరే' తనకే వినపడి, చేత్తో నోరు మూసుకున్నారు. నేను వెనక్కి తిరగలేదు. వీపు ఆన్చాను. ముప్పై అయిదేళ్ళలో ఇంకొక మనిషి ఎదుట వీపు ఆన్చడం అదే మొదలు. తొక్కాను. ఇరవై రెండు. అక్కడే నిలబడింది. ఏడాదిగా విన్న 'బాబు' మా తాతగారిది. ఇప్పుడు విన్నది నాది.

దాంతో నేను గొప్పవాణ్ణయిపోలేదు. ఆ మరుసటి ఏడు అదే మైదానంలో గౌరి మొదట వచ్చింది, ఆయన రెండు, నేను ఆరు. పట్టిక ముందు నిలబడి ఆయన గొణుక్కోవడం విన్నాను: "దీనికి నేర్పి తప్పు సేసినాను. మావనని కూడా సూడనేదు." నన్ను చూసి సిగ్గుపడ్డారు. "ఏటి నవ్వుతావు? కుళ్ళు నీకొక్కడికే ఉంటాదనుకున్నావా?" అన్నారు. ఆ రోజు మైదానం బయట టీ బండి దగ్గర ఇద్దరం గౌరి మీద కలిసి ఏడ్చుకున్నాం. నా జీవితంలో అంత తృప్తిగా టీ తాగిన రోజులు తక్కువ.

ఇప్పుడాయన ఒడిశా తీరంలో రొయ్యల కంపెనీలకు కాటాలు చూస్తూ అక్కడే స్థిరపడ్డారు. అప్పుడప్పుడు ఫోను చేస్తారు. ఎవరో కొత్త కుర్రాడికి నేర్పుతున్నానని చెప్పినప్పుడు, వాణ్ణి బాగా తిడుతున్నారా అని అడుగుతాను. తిడుతున్నానంటారు. ఆ పూట నాకు అన్నం సరిగా సయించదు.

కిందటి నెల హాస్టలులో మా వంటాయన "సార్, ఒక మాట..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆగిపోయాడు. మా ఇంటి ముఖం అలాంటిది, ఎదుటివాడి మాటను సగంలో ఆపుతుంది. "ఆగకండి, చెప్పండి," అన్నాను. భోజనాల దగ్గర నేను పెట్టిన వరస వల్ల పిల్లలు ఎండలో నిలబడి, చల్లారిన కూడు తింటున్నారని నలుగురి ముందూ చెప్పాడు. చెప్పినంతసేపూ నా చెవులు మండిపోయాయి. నాకు తట్టనిది అతనికి తట్టిందని కూడా మండింది. మండనిచ్చి, చివరిదాకా విన్నాను.