నేపాల్ పొలిమేరలో పాలమూరు బాణం

ఆ రోజుల్లో నా చేతిరాత చదివే ధైర్యం మా బడి సారుకే ఉండేది కాదు. ఎనిమిదో తరగతిలో ఆయన నా పరీక్ష కాగితాన్ని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పెట్టి చూశాడు. చివరికి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి కూడా చూసి, "బిడ్డా, నువ్వు ఇంటికాడ ఉంటే ఇద్దరం సుఖపడతం" అన్నాడు. పెద్దల మాట కాదనడం నాకు అలవాటు లేదు కనుక మర్నాటి నుంచే బడి మానేశాను. (ఇన్నేళ్లలో పెద్దల మాట విన్నది ఆ ఒక్కసారేనని మా అవ్వ చాలాకాలం వాపోయింది.) అలాంటి నా రాతను చదవడానికి కొన్నేళ్ల తర్వాత రెండు దేశాల అధికారులు పొగమంచులో చుట్టూ నిలబడ్డారు, ఫోటోలు తీశారు, ఇక లాభం లేదని నన్నే పిలిపించి చదివించుకున్నారు. నాతో కూర్చుని పాసైన వాళ్లలో ఒక్కడికైనా అంత గౌరవం దక్కిందేమో మీరే కనుక్కోండి.

తెలంగాణ వచ్చిన కొత్త. మా మేనమామ మట్టిపని ముఠాకు మేస్త్రి. ఎక్కడ కట్ట పోయాలన్నా, ఎక్కడ కాలువ తవ్వాలన్నా పాలమూరు జనం వచ్చారంటే పని అయినట్టేనని పేరు గదా, అట్లా ఆయనకు దేశంలో ఏ మూల నుంచైనా ఫోన్ వచ్చేది. ఆ చలికాలం వచ్చిన ఫోన్ నేపాల్ సరిహద్దు నుంచి. మన వైపు నుంచి ఒక రోడ్డు, వాళ్ల వైపు నుంచి ఒక రోడ్డు వచ్చి మధ్యలో కలవాలట, వాటి మీద సరుకుల లారీలు ఇటూ అటూ సాఫీగా తిరగాలట. ముందు అక్కడికి జేసీబీనే తెచ్చారు. అది మొదటి రోజే ఆ మెత్తటి నేలలో నడుము దాకా దిగబడి, కుంటలో పడుకున్న బర్రెలా కదలనని కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చాం మేము. "పెద్దోళ్లు ఢిల్లీల చేతులు కలిపిన్రు. ఇగ మట్టి కలిపేది మనమే" అని మామ పారలు, గడ్డపారలు, తట్టలు, మనుషులు అన్నీ రైలెక్కించాడు. ఆ మనుషుల్లో మామ బిడ్డ ఉంది. కాబట్టి ఎవరూ పిలవకపోయినా నేనూ ఉన్నాను. మా అమ్మ అప్పటికే పెళ్లిమాట కదిపితే, "పోరడు పనికొస్తడో లేదో ఈ తాప చూస్త అక్కా" అన్నాడట మామ.

మేము చేరింది రాత్రి. తెల్లారి లేచి చూస్తే లోకం లేదు. పొగమంచు. మా దిక్కు మంచు అంటే చెట్ల మీద ఓ పూట ఉండి, పొద్దెక్కంగనే మర్యాదగా పోతుంది. అక్కడి మంచు కాపురానికి వచ్చింది. పక్కన నిలబడ్డ మనిషి మాట ముందు వినబడేది, మనిషి తర్వాత మెల్లమెల్లగా తేలేవాడు. ఆవాల చేను పూసి ఉండేది కానీ ఆ పసుపు కూడా పాలలో వేసినట్టు కరిగి కనబడేది. ఎక్కడో గంట మోగేది. ఆవు మెడలోదో, సైకిలుదో తెలిసేది కాదు. సూర్యుడు రోజంతా ఒకే చోట నానిన అప్పడంలా ఉండి, చెప్పకుండా మాయమయ్యేవాడు. ఏది మన దేశమో ఏది వాళ్ల దేశమో కూడా నాకు అంతుపట్టలేదు. అటూ ఇటూ ఒకే చేను, ఒకే రకం ఇళ్లు, ఒకే కుక్క. జనం గడ్డిమోపులెత్తుకుని అలవోకగా దేశాలు దాటుతుండేవాళ్లు. మేము చాయ్ తాగే కొట్టు ముసలామె మాత్రం రోజూ ఉత్తరం దిక్కు చెయ్యెత్తి, అక్కడ ఆకాశం దాకా తెల్లటి కొండలున్నాయని చెప్పేది. నాకైతే తెల్ల గోడ తప్ప ఏమీ కనబడేది కాదు. లేని కొండలను చూపించి చాయ్ అమ్ముకుంటోంది పాపం అనుకునేవాణ్ని.

ఇక్కడ మా పనిలోని ఒక పద్ధతి చెప్పకపోతే కథ నడవదు. ఒక ఎత్తు గడ్డను కోసి చదును చేసేటప్పుడు మొత్తం కోసేయం. నడుమ ఒక దిమ్మెను తవ్వకుండా వదిలేస్తాం. దాని నెత్తిన పాత నేల మీది గడ్డి అట్లాగే ఉంటుంది. కొలతల సారు వచ్చి, దిమ్మె ఎంత ఎత్తుందో అంత లోతు తవ్వినట్టు లెక్క కడతాడు. మా ముఠాలో దాన్ని సాక్షి అంటారు. కొలవక ముందు సాక్షి పడిపోతే ఇక అంతే, తవ్విన మట్టంతా రోడ్డు కట్టలో కలిసిపోయాక ఎవరు తవ్వారో, ఎంత తవ్వారో చెప్పే దిక్కుండదు. ఆ చలిలో మామ బిడ్డ నెత్తిన తట్టతో తిరిగిన తిరుగుడంతా ఆ ఒక్క దిమ్మెలో ఉందన్నమాట. పని అయ్యేసరికి అది నా ఛాతీ దాకా లేచి, క్షవరానికి పోని మనిషిలా గడ్డి జుట్టేసుకుని, రెండు దేశాల నడుమ వదిలేసిన ఎవరిదీ కాని జాగా పక్కనే నిలబడింది.

పని అయింది కానీ కొలతల సారు రాలేదు. మంచులో ఆయన బండి ఎక్కడో ఆగిపోయిందన్నారు. పారలు కడిగి పెట్టాం. పని ఉంటే నా నోటికి మాత్రమే తీరిక ఉంటుంది, పని లేకపోతే చేతులకు కూడా. అందరూ గొంగళ్లు కప్పుకుని పడుకున్నారు. నాకేమో మనసు ఊరి మీదికి పోయింది. ఎర్ర మట్టి, సీతాఫలం చెట్లు, ఎండ. ఎండను ఒక మనిషిని తలచుకున్నట్టు తలచుకోవడం అదే మొదటిసారి. రోడ్డు గీతలకు తెచ్చిన సున్నం డబ్బాలో మిగిలి ఉంది. పోయి సాక్షి దిమ్మెకు నాలుగు పక్కలా సున్నం పూశాను. పొయ్యిలో బొగ్గు తీసుకుని దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'పాలమూరు' అని రాశాను. రాస్తుంటే ఊరు దగ్గరికొస్తున్నట్టే అనిపించింది.

"ఏం చేస్తున్నవ్ బావా?" అంది మంచు. కాసేపటికి అందులోంచి మామ బిడ్డ తేలింది.

"ఊరికి తొవ్వ చూపెడుతున్న. ఎవలన్న తప్పిపోతే పనికొస్తది."

"ముందు నీకు ఎర్కనా తొవ్వ?"

ఆమె అట్లా అన్నాక బాణం గీయకుండా ఎట్లా ఉంటాను? మా ఊళ్లో ప్రతి గడపా తూర్పు చూస్తుంది. మామ ఎక్కడ గుడారం వేసినా దాని వాకిలి తూర్పుకే పెడతాడు. కాబట్టి వాకిట్లో నిలబడి బయటికి చూస్తే కుడిచేయి వైపు దక్షిణం, అంటే మా ఊరు. కుడిచేయి చాచి, గురి చూసి, బొగ్గుతో ఒక బాణం గీశాను. ఈసారి తూర్పు గాలి కోస్తోందని మామ వాకిలిని పడమటికి తిప్పి వేశాడన్న సంగతి నేను తప్ప ముఠా అంతా ఎరుగుదురు. (ఇప్పుడు చౌటుప్పల్‌లో సెంట్రింగ్ సామాన్లు కిరాయికిచ్చే దుకాణం పెట్టుకున్నాను. ప్లాట్లు అమ్మేవాళ్లు వచ్చి 'పక్కా తూర్పు ముఖం అన్నా' అంటే నేను సూర్యుణ్ని చూసిగానీ తలూపను.)

మర్నాడు పొద్దున గుడారం బయట బూట్ల చప్పుడు. మన సరిహద్దు జవాన్లు, మన ఇంజినీరు, వాళ్ల వెంట శాలువా కప్పుకున్న నేపాల్ అధికారి, ఆయన మనుషులు. సరిహద్దు రాళ్లు కూడా తెల్లసున్నం పూసినవే, వాటి మీదా నల్లటి రాతే. రాత్రికి రాత్రి అలాంటిదే ఇంకొకటి మొలిచింది. దాని మీద ఎవరూ చదవలేని లిపి. కింద ఒక బాణం, తిన్నగా నేపాల్‌లోకి పోతోంది. అది చూస్తే ఆ నేపాల్ అధికారికి ఏమనిపించాలి చెప్పండి. నిన్న రోడ్డు కలుపుదామన్నవాళ్లు ఇవాళ బాణం పెట్టారనే గదా.

"ఇప్పుడే కూలగొట్టండి" అన్నాడు మన ఇంజినీరు. "వీల్లేదు, మా పైవాళ్లు చెప్పేదాకా ఎవరూ ముట్టొద్దు, పని కూడా ఆపండి" అన్నాడు నేపాల్ అధికారి. ఇద్దరి మధ్యలో మా మామ పోయి దిమ్మెకు వీపు ఆనించి నిలబడ్డాడు. జీవితంలో ఎవరి మాటకూ అడ్డం పోని మనిషి. ఆయన హిందీలో సగం తెలుగు, సగం చలి.

"కొలిచినంక కూలగొట్టుర్రి సార్. కొలవకుండ కూలగొడితే మేం ఇక్కడికి రానట్టే లెక్క. కూలగొట్టకుండ ఉంచితే రోడ్డు రానట్టే లెక్క."

వెనక ముఠా అంతా లేచి వచ్చి మామ పక్కన నిలబడింది. మామ బిడ్డ అయితే ఖాళీ తట్టను నడుముకు ఆనించుకుని, ఎవరైనా పార ఎత్తితే తట్టతోనే సమాధానం చెప్పేట్టు నిలబడింది. ఇంజినీరు "ఇది రాసింది ఎవరు?" అన్నాడు. ముఠాలో తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. మామ నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా, "అల్లుడా, నాకున్నది ఒక్కతే అక్క, ఆమెకున్నది నువ్వొక్కనివే. లేకుంటే ఈ పూటనే నిన్ను దీని పక్కన ఇంకో దిమ్మె చేస్తుంటి" అన్నాడు.

నేపాల్ అధికారి నన్ను ముందుకు రమ్మన్నాడు. వయసు మళ్లిన మనిషి, నిద్ర చాలని కళ్లు. "ఏముంది దీని మీద?"

"పాలమూరు సాబ్. మా జిల్లా."

"ఈ బాణం?"

"మా ఊరి దిక్కు చూపెడుతుంది సాబ్."

"అటు నీ ఊరుందా?"

"అటే సాబ్" అన్నాను, ఈసారి ఇంకా గట్టిగా, చెయ్యి చాచి మరీ. సరిగ్గా అప్పుడే (ఇది నేను కల్పించి చెబుతున్నానని మా చౌటుప్పల్ దోస్తులు ఇప్పటికీ అంటారు, అననీయండి) గాలి కొంచెం మారింది. ఆ తెల్ల గోడ నడుమ నుంచి చిరిగి రెండు పక్కలకూ జరిగింది. నా వేలు చివర, ఆకాశంలో సగం దాకా, మంచు కొండలు. ఒక వరుస వెనక ఇంకో వరుస, పైన ఎండ తగిలి లేత బంగారు రంగులో, ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నంత నిశ్శబ్దంగా. చాయ్ ముసలామె నిజమే చెప్పింది. అన్నాళ్లూ అవి అక్కడే నిలబడి మా పని చూస్తూనే ఉన్నాయి, మాకే తెలియలేదు. మామ చేతులు వాటంతటవే దండం పెట్టాయి. నేను ఎత్తిన చెయ్యి దించడం మరచిపోయాను.

మొదట నవ్వింది నేపాల్ అధికారే. చిన్నగా మొదలై, శాలువా జారేంత నవ్వు. ఆ తర్వాత జవాన్లు, ఇంజినీరు, ముఠా, చివరికి నేను. నవ్వు ఆగాక ఆయన ఆ కొండల వైపే చూస్తూ, "ఆ రెండో తెల్ల కొండ వెనక మా ఊరు. పోయి చాలా రోజులైంది. నీ బాణం తప్పు కాదు, పేరొక్కటే తప్పు" అన్నాడు. దిమ్మె దగ్గరికి నడిచి, నెత్తిన ఉన్న గడ్డిని పట్టుకుని గుంజి చూశాడు. రాలేదు, వేళ్లు లోపలికి పోయి ఉన్నాయి. పక్కన మేము కోసిన గట్టును, ఈ దిమ్మెను మార్చి మార్చి చూశాడు. రెంటిలోనూ మట్టి పొరలు ఒకే ఎత్తులో పోతున్నాయి. "ఇది కొత్తగా పెట్టింది కాదు, తవ్వకుండా వదిలింది" అని తన మనుషులకు చెప్పి, నా దగ్గర బొగ్గు అడిగి తీసుకుని, బాణం కింద తన లిపిలో తన ఊరి పేరు రాశాడు. ఆ పేరు నేను చదవలేను. కానీ ఆ రాసే తీరు నాకు తెలుసు, నిన్న నేనూ అట్లాగే రాశాను.

ఆ తర్వాత కొలత. కొలతల సారు కోసం ఇక ఆగలేదు. ఇంజినీరు టేపు ఒక కొస మన జవాను పట్టుకున్నాడు, ఇంకో కొస నేపాల్ అధికారి దిమ్మె నెత్తిన గడ్డి మీద ఆనించాడు. గడ్డిని అణిచి కొలుస్తారేమోనని మా మామ వంగి మరీ చూస్తుంటే, ఆయన నవ్వుతూ గడ్డిని ఇంకొంచెం పైకి లేపాడు. మా ముఠా తవ్విన తవ్వుడుకు అంత నిండు కొలత అంతకు ముందు పడలేదు, తర్వాతా పడలేదు. అంతా అయ్యాక మామ పార నా చేతికిచ్చి, "లేపినోనివే, పడగొట్టు" అన్నాడు. నిజానికి లేపింది నేను కాదు, కానీ ఆ పూట వాదించే మొహం నాకు లేదు. పాలమూరు మీద వేటు వెయ్యాలంటే చెయ్యి రాలేదు. ఆయన ఊరి పేరు మీద అసలే రాలేదు. నెత్తిన గడ్డి నుంచి మెల్లగా మొదలుపెట్టాను. సున్నం పెళ్లలు, బొగ్గు రాతలు, ఇద్దరి ఊళ్లూ కలిసి ఒకే తట్టలో పడ్డాయి. మామ బిడ్డ ఆ తట్ట నెత్తికెత్తుకుని, మళ్లీ కమ్ముకుంటున్న మంచులోకి నడిచి, రోడ్డు కట్ట మీద పోసి వచ్చింది. అధికారి వెళ్తూ వెళ్తూ నా చొక్కా జేబులో బొగ్గు ముక్క తిరిగి పెట్టాడు.

పెళ్లి ఆ ఎండాకాలమే అయింది. పనికొస్తానని తేలిందా, లేక ఇట్లాంటివాణ్ని బయట వదలడం దేశానికి మంచిది కాదనుకున్నాడా అనేది మామ ఇప్పటికీ చెప్పడు.

మొన్న దుకాణంలో బేరం లేని మధ్యాహ్నం, ఫోన్‌లో ఆ రోడ్డు వీడియో కనబడింది. బారులు తీరి లారీలు, అటువి ఇటు, ఇటువి అటు, వెనక లేత మంచు. ఎంతసేపు చూశానో తెలియదు. ఆ తెల్లదనంలో నూనూగు మీసాల పోరడొకడు తప్పు దిక్కుకు చెయ్యి చాచి, ఎంతో నమ్మకంగా నిలబడి ఉన్నట్టే అనిపించింది. వాడి చెయ్యి దించాలని నాకు అనిపించలేదు. సద్ది డబ్బా తెచ్చిన నా భార్యకు (ఇంకెవరు, ఆ మామ బిడ్డే) ఫోన్ చూపించి, "జర చూడు, ఆ లారీలన్నీ పోయేది నా పాలమూరు మీదికెల్లే. ఒక్క బాణం తప్పు గీసినందుకు రెండు దేశాలు నవ్వుకున్నయి. నేను సరిగ్గ గీసి ఉంటే ఏమయ్యేది?" అన్నాను.

ఆమె డబ్బా మూత తీసి నా ముందు పెడుతూ, తల కూడా ఎత్తకుండా అంది: "నీ బాణం తప్పేం గాదు బావా. అదే దిక్కు పట్టుకొని పోతే, ఆ మంచుకొండలు దాటి, భూమంత చుట్టి, ఆఖరికి పాలమూరే వస్తది. పెండ్లయిన కాడికెల్లి నేను నీ ఎంబడి గా తొవ్వలనే నడుస్తున్న."