చుక్కలే కదా అనుకుంది అమ్మ

ఆ మధ్యాహ్నం అమ్మకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. ఆటోలో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక నర్సింగ్‌హోమ్‌కు చేరేసరికి ఆమె ముడుచుకుపోయింది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, "రోజూ మందులేమన్నా వాడుతున్నారా అమ్మా?" అని అడిగింది.

"ఏం లెవ్వు బిడ్డా. జల్ది సూదెయ్యి, పానం పోతున్నది," అంది అమ్మ.

నర్సు సిరంజిలోకి మందు ఎక్కించింది. నేను అమ్మను పక్కకు తిప్పి పట్టుకున్నాను. నర్సు తుంటి మీద దూదితో తుడుస్తుంటే అమ్మ నా చెయ్యి నొక్కి, "ఇంటికి పోంగనే కండ్లల్ల చుక్కలెయ్యాలె, యాది చెయ్యి," అంది.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న చప్పున గుర్తొచ్చింది.

"ఆగుండ్రి! అమ్మకు కండ్లల్ల ప్రెషర్ ఉంది. దినాం చుక్కలేసుకుంటది!" అని అరిచాను.

సూది చర్మానికి తగలబోయి ఆగింది.

"అయితే ఈ ఇంజెక్షన్ వద్దు," అంది డాక్టరమ్మ. "దీనివల్ల కంట్లో ప్రెషర్ ఒక్కసారిగా పెరిగితే చూపుకే ప్రమాదం."

"గవి చుక్కలే గద, మందులనుకోలే," అని గొణిగింది అమ్మ.

వేరే మందు ఇచ్చి స్కానింగ్ చేస్తే మూత్రనాళంలో చిన్న రాయి కనిపించింది. సాయంత్రానికి నొప్పి తగ్గి అమ్మ నిద్రపోయింది. నేను మాత్రం చాలాసేపు ఆమె మూసిన రెప్పలనే చూస్తూ కూర్చున్నాను.