స్టేషన్ వరండాలో మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను క్లాసులో పాఠం చెబుతున్నాను. ఆస్పత్రిలో చేర్చారని తెలుసు, ఆదివారం వెళ్ళి చూద్దామనుకున్నాను. ఆ ఆదివారం దాకా ఆమె ఆగలేదు. వినుకొండ దగ్గర మా పల్లెకు చేరేటప్పటికి ఇంటి ముందు చాలామంది ఉన్నారు. వాళ్ళలో సగం మంది ఎవరో మాకు తెలియదు. వేరే ఊళ్ళ తల్లులు, అప్పుడప్పుడే మీసాలొచ్చిన కుర్రాళ్ళు. వాళ్ళెందుకు వచ్చారో చెప్పాలంటే మా బావ సంగతి చెప్పాలి.

బావ అత్తకు ఒక్కగానొక్క కొడుకు. మామయ్య పోయాక మిరప చేనూ, ఆ కొడుకూ తప్ప ఆమెకింకేం లేదు. పదహారేళ్ళప్పుడు స్నేహితులతో కలిసి పొలంలో ఎవరిదో మోటారు ఎత్తుకెళ్ళాడు. చేయలేదని అత్త ఏనాడూ బుకాయించలేదు. అయితే పట్టుకెళ్ళిన పోలీసులు బావ ఒడ్డూ పొడుగూ చూసి వయసు పంతొమ్మిదని రాసుకున్నారు. పిల్లల హోముకు వెళ్ళాల్సినవాడు పెద్దవాళ్ళుండే సబ్‌జైలుకు వెళ్ళాడు. అత్త బడి చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగి అసలు వయసు రుజువు చేసేసరికి మిరపకోతలు ముగిసి, మళ్ళీ నారు పోసే రోజులొచ్చాయి. అప్పుడు కేసు, పిల్లల నేరాలు విచారించే బోర్డు ముందుకు వెళ్ళింది. వాళ్ళు మందలించి ఇంటికి పంపారు.

వచ్చింది మాకు తెలిసిన బావ కాదు. లోపల ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. అన్నం పెడితే కంచం ఎవరో లాక్కుంటారన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని తినేవాడు. అత్త చూస్తూ కూర్చునేది. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఏడ్చేది. బావ బడికి మళ్ళీ వెళ్ళలేదు, నలుగురితో కలవలేదు. చేలో పని చేసుకుంటూ అలాగే పెద్దవాడైపోయాడు.

ఆ మరుసటేడు పక్క ఊళ్ళో ఫోను దొంగిలించాడని ఒక పిల్లాణ్ణి పట్టుకెళ్ళారు. పత్తి తీసే ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విని, అత్త చేలోంచి అటే వెళ్ళింది. ముందు వయసు కాగితం కోసం ఆ పిల్లాడి బడికి, తర్వాత పోలీస్ స్టేషన్‌కి. అలా మొదలైంది. దొంగపిల్లల వెనక నీకెందుకమ్మా ఈ తిరుగుడని మా నాన్నే అడిగాడు.

"నా కొడుకు వయసెంతని అడిగినవాళ్ళు ఒక్కళ్ళు లేరన్నయ్యా. ఈ పిల్లల వయసైనా అడగొద్దూ?" అంది.

ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. పిల్లాణ్ణి లాకప్‌లో పెట్టారు. అత్త ఇడ్లీ పొట్లం ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంది. ఎస్సై రెండుసార్లు వెళ్ళమన్నాడు. మూడోసారి బయటికొచ్చి, వీడు దొంగతనం చేశాడమ్మా, తెలుసా అన్నాడు. అత్త లేచి నిలబడింది.

"చేశాడు బాబూ, కాదనను. వస్తువు పోయినవాళ్ళ బాధ నాకూ తెలుసు. కానీ పిల్లాడు. పిల్లాడిగా చూడండి, అంతే."

కాసేపటికి పిల్లాణ్ణి వరండాలోకి పంపారు. అత్త పొట్లం విప్పి వాడి చేతిలో పెట్టి, "ముందు తిను. ఆ తర్వాత నిజం చెప్పు" అంది. మర్నాడు ఒక కానిస్టేబుల్ యూనిఫాం లేకుండా, మామూలు బట్టల్లో వాణ్ణి బోర్డుకు తీసుకెళ్ళాడు. తప్పు చేసిన పిల్లలు నా ముందు నిలబడినప్పుడల్లా నాకు అత్త అన్న ఆ మాటే గుర్తొస్తుంది.

అందరూ బాగుపడలేదు. ఒకడు హోము నుంచి వచ్చి, మళ్ళీ అదే పని చేసి, పద్దెనిమిది దాటాక జైలుకు వెళ్ళాడు. ఆ రోజు అత్త ముద్ద ముట్టలేదు. హోములో తాళాలు వేసేవాళ్ళే కాదు, ఏదైనా పని నేర్పేవాళ్ళు కూడా ఉండాలని కనబడిన అధికారినల్లా అడిగేది. చూద్దామనేవాళ్ళు. చివరిదాకా ఆమె విన్నది ఆ మాటే.

పెద్దకర్మ అయిన మర్నాడు ఒంగోలు వైపు నుంచి ఒకావిడ అత్తను వెతుక్కుంటూ వచ్చింది. కొడుకుని పట్టుకెళ్ళారట. అమ్మగారున్నారా అని అడిగింది. గోడవారన కూర్చున్న బావ లేచాడు.

"అమ్మ పోయిందండి" అన్నాడు. చెప్పులు తొడుక్కుని, "పదండి, నేనొస్తాను" అన్నాడు.

నేను వీధి దాకా వెళ్ళి చూశాను. రోడ్డు పక్కన ఎండబోసిన మిరపకాయల వెంబడి ఇద్దరూ బస్సు ఆగే చోటుకు నడుస్తున్నారు. బావ గుండు మీద ఎండ పడుతోంది. ఆవిడ ఏడుస్తూ ఏదో చెబుతోంది. బావ నడక ఆపి, ఆమె వైపు తిరిగి, తల వంచి వింటున్నాడు.