అమ్మ మానేసిన గుంటగలగరాకు నూనె

ఆనందం పట్టలేక రాస్తున్నానండీ! అల్లుడు పోయిన రెండేళ్లకు, ఇవాళ మా అమ్మాయి తనంతట తానే తలకు రంగు వేసుకుంది. "నాన్నా, వెనకాల అందట్లేదు, కాస్త రాసిపెట్టవా" అని నన్నే పిలిచింది. టీ డికాషన్‌లో నానిన గోరింటాకు వాసనకి మా అమ్మ గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, ఇనుప మూకుడులో గుంటగలగరాకు నూనె కాగే వాసన? అమ్మకు చిన్న వయసులోనే తల నెరిసింది. ఉయ్యూరులో ఉండగా జుట్టు నల్లబడాలని ఆదివారం ఆదివారం ఆ నూనె కాచుకునేది. కాలవగట్టున ఆకు కోసుకొచ్చే పని నాది. నాన్న పోయిన నెలకి కూడా అలవాటు కొద్దీ తెచ్చాను. చూసిన మామ్మ, "ఇంకెవరు చూడాలనే ఈ సింగారం?" అంది.

అమ్మ నూనె కాచి, చల్లారాక నన్ను పీట మీద కూర్చోబెట్టి అంతా నా తలకే మర్దనా చేసింది.

"నా జుట్టు నల్లగానే ఉందిగా అమ్మా!"

"ఉండనీరా."

మళ్లీ ఎప్పుడూ ఆకు తెమ్మనలేదు. ఏడాది తిరిగాక ఒకరోజు అమ్మ నాకు అన్నం కారియరు ఇవ్వడానికి బడికొస్తే, "ఒరేయ్, మీ మామ్మొచ్చిందిరా!" అని పిల్లలు కేకేశారు.

అప్పటికి అమ్మకు ముప్పై రెండేళ్లండీ.