లాగి చూడని ముక్కలు

నిన్న మా అబ్బాయి పాత చొక్కాను మసిగుడ్డల కోసం చింపాను. పర్రుమని చిరిగింది. సన్నటి నూలు దుమ్ము లేచి ముక్కులో పడింది. మరియమ్మక్క పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ దుమ్ము వాసన తగిలితే చాలు, ఆమె నా వెనక నిలబడి నా చేతులనే చూస్తున్నట్టు ఉంటుంది.

హిందూపురంలో ఒక చిన్న నూలు మిల్లు ఉండేది. బెంగళూరు బట్టల ఫ్యాక్టరీల్లో కత్తిరించగా మిగిలిన పేలికలు లారీల్లో అక్కడికి వచ్చేవి. వాటిని రంగుల వారీగా ఏరడం ఆడవాళ్ల పని. ఏరిన ముక్కలను యంత్రం చీల్చి మళ్లీ దూది చేసేది, ఆ దూదితో లావు దారం తీసేవారు. నల్ల ముక్కల నుంచి నల్ల దారమే వస్తుంది, మళ్లీ రంగు అద్దే పని లేదు. ఏదీ పారేయని ఆ పద్ధతి నాకు మొదటి రోజే నచ్చింది. మూడో తరగతితో నా బడి ఆగిపోయింది. ఆ తర్వాత నాకు పాఠం చెప్పింది ఏరే గదికి పెద్దయిన మరియమ్మక్కే. ప్రతి ముక్కనూ రెండు చేతులతో లాగి చూడమనేది. సాగితే అందులో రబ్బరు పోగు ఉన్నట్టు, పక్కన పడేయాలి. అది కలిస్తే దారం ఉండలు కట్టి తెగుతుంది.

“కండ్లతో కాదు మే, చేతులతో చూడు.”

“నా కండ్లు బాగనే ఉండాయిలేక్కా,” అన్నాను ఒకసారి.

“ఉండనీ. బట్టకు నీకంటే తెలివి ఎక్కువ.”

అందరికంటే ముందు నా సంచే నిండాలని నా పంతం. నా వంతుకు వచ్చిన నల్ల ముక్కలన్నీ ఒకేలా కనిపించేవి. లాగడం మానేశాను.

కొన్నాళ్లకు పెనుకొండ నుంచి నాగప్ప వచ్చాడు. మా దారంతో పెళ్లిళ్లలో పరిచే జంఖానాలు నేసే మనిషి. “ఏమప్పా, ఇది దారమా, ఉండల దండా? మూరకొకసారి తెగుతాంది. పెండ్లోల్లకు నేనేం జవాబు చెప్పాల?” అని కండెలన్నీ యజమాని ముందు కుమ్మరించాడు. యజమాని మా గదిలోకి వచ్చి, నల్ల ముక్కలు ఏరిన మనిషి రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ ఏడు వానలు లేవు. చిలమత్తూరు దగ్గర మా చేను బీడు. నా కూలి ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే. తల వంచుకుని కూర్చున్నాను.

“ఆ సంచి నాదప్పా,” అంది మరియమ్మక్క.

“అట్లయితే సోమవారానికి దారం నువ్వే సరిచేయి. లేదంటే నువ్వు రావద్దు,” అని ఆయన వెళ్లిపోయాడు.

ఆదివారం ప్రార్థన ఏనాడూ తప్పని ఆ మనిషి ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని పెనుకొండ బస్సెక్కింది. నాగప్ప మగ్గం పక్కన కూర్చోబెట్టి, మూటలో వెంట తెచ్చిన కండె నా చేతికిచ్చింది. దారం విప్పుతూ, ఉండ తగిలిన చోటల్లా తుంచి, ముడివేసి, మళ్లీ చుట్టాలి. ఆమె ఒక్క మాటా అనలేదు. మధ్యాహ్నానికి నా వేళ్లు కోసుకుపోయాయి. వేళ్ల నొప్పి ఓర్చుకున్నాను గానీ ఆ మౌనం ఓర్చుకోలేకపోయాను.

“నాగప్పన్నా, లాగి చూడకుండా ఏరింది నేనే.”

ఆయన మగ్గం ఆపి నన్ను చూశాడు. “చెప్పినావు కదా, సరే. ముడి సన్నగ వెయ్యి. కూర్చున్నోల్లకు గుచ్చుకుంటే తిట్లు నాకే.”

సోమవారం యజమానికీ నేనే చెప్పాను. ఆయన మరియమ్మక్క వైపు తిరిగి, “మరి నీదని అబద్ధమెందుకు చెప్పినావు?” అన్నాడు.

“అబద్ధం యాడిదప్పా? మూతి కట్టేముందు ప్రతి సంచిలోనూ నాలుగు ముక్కలు నేను లాగి చూడాల. ఈ పిల్ల చురుకు చూసి మురిసిపోయి, చూడకుండానే కట్టేస్తి.”

అప్పటిదాకా ఆమె నన్ను కాపాడిందనే అనుకున్నాను. ఆమె తన తప్పు తాను చెప్పుకుంది, అంతే. యజమాని ఇద్దరినీ తిట్టి పనిలోకి పొమ్మన్నాడు.

ధర్మవరంలో చదివే మా మనవరాలు మొన్న లెక్కల పరీక్ష తప్పింది. ఇంట్లో అందరూ దాని మీద పడ్డారు. సెలవులకు వచ్చి అది పుస్తకం పట్టుకుంటే నేనెన్నిసార్లు లేపి వేరుశనగకాయలు ఒలవమన్నానో గుర్తొచ్చింది. ముందు ఆ మాట దానికి చెప్పాను. తిట్టడం ఆ తర్వాత తిట్టాను.